శాన్‌ఫ్రాన్సిస్కోలో 1849 నాటి హోటల్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలంటే

ప్రశ్న: అమ్మానాన్న నరసాపురం నుంచి వచ్చారు, మూడు నెలలు ఉంటారు. నాన్నగారికి చేప ఉంటే చాలు, ఇంకేం అక్కర్లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో టాడిచ్ గ్రిల్ అని బాగా పాత సీఫుడ్, స్టేక్ రెస్టారెంట్ ఉందని ఆఫీసులో చెప్పారు. అక్కడ మన పెద్దవాళ్ళు తినగలరా? అమ్మ గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టదు. ఏం ఆర్డర్ చెయ్యాలి, ఎంత అవుతుంది, పద్ధతులేమిటి? వెళ్ళినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

జవాబు:

తినగలరు. మీ అమ్మగారు కూడా తినగలరు. కాకపోతే అక్కడికి వెళ్ళి చేపల పులుసుకి దగ్గరగా ఏముందా అని మెనూ వెతికితే మాత్రం అందరూ మొహాలు వేలాడేసుకుని బయటికొస్తారు. ఆ హోటల్ వాళ్ళకి వందేళ్ళుగా చేతనైన పని ఒకటుంది. తాజా చేపని బొగ్గుల మీద కాల్చి, ఉప్పూ నిమ్మచెక్కా తప్ప మరేం అడ్డం పెట్టకుండా ఇవ్వడం. దానికోసం వెళ్ళండి. స్టేక్ (మందంగా కోసి కాల్చిన గొడ్డుమాంసం ముక్క) సంగతి కింద విడిగా రాస్తాను.

నాది కాకినాడ. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్‌కి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో అక్కడికి ఇరవైసార్ల దాకా వెళ్ళుంటాను. మా అమ్మానాన్నలు, మా అత్తగారూ మామగారూ, చెల్లెలి అత్తగారి వైపు వాళ్ళు, ఇలా మూడు బ్యాచ్‌ల పెద్దవాళ్ళని తీసుకెళ్ళి, మూడు రకాల పాఠాలు నేర్చుకుని రాస్తున్నాను.

ముందు రోజు ఎంచుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మనవాళ్ళతో మొత్తం తిరకాసు ఇక్కడే వస్తుంది. ఆదివారం వాళ్ళకి సెలవు. శనివారం మా అమ్మకి సెలవు, వెంకటేశ్వరస్వామి వారం కాబట్టి నీచు ముట్టదు. మీ అమ్మగారికి సోమవారమో గురువారమో కూడా ఉండి ఉంటే మిగిలేవి నాలుగే రోజులు. ఆఫీసుకి ఒకరోజు సెలవు పెట్టి మంగళవారమో బుధవారమో వెళ్ళండి. అది బ్యాంకులూ పెద్ద పెద్ద ఆఫీసులూ ఉన్న వీధి, పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా సూట్లు వేసుకున్న జనంతో కిక్కిరిసి ఉంటుంది. రిజర్వేషన్లు తీసుకోకపోవడం ఆ హోటల్ పాత అలవాటు. వెళ్ళి పేరు చెప్పి నిలబడాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని అరగంట నిలబెట్టడం ఎందుకు? ఇంట్లో ఇడ్లీలు పెట్టి, రెండు గంటల ప్రాంతంలో అక్కడుండేలా బయల్దేరండి. ఆ రోజు వేళలు మాత్రం ముందే ఒకసారి వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

లోపలికి అడుగు పెట్టగానే ఎడాపెడా ఫొటోలు తీయడం మొదలెట్టకుండా ఒక్క నిమిషం చూడండి. గది పొడుగునా నల్లబడిన చెక్కతో ఒక కౌంటర్ ఉంటుంది. దాని ముందు వరసగా కుర్చీలు, వెనక తెల్లకోట్లు వేసుకున్న సర్వర్లు. పక్కన చెక్క అడ్డుగోడలతో చిన్న చిన్న గదుల్లాంటివి ఉంటాయి. పాతకాలపు రైలు ఫస్ట్‌క్లాస్ కూపే గుర్తొస్తుంది నాకు. పెద్దవాళ్ళతో వెళ్తే ఆ గదే అడగండి. అమ్మవాళ్ళు నెమ్మదిగా, చేత్తో తిన్నా ఎవరూ చూడరు. చూసినా ఏం కాదు, కానీ ఎవరో చూస్తున్నారన్న బెంగతో మా అత్తగారు ఓపెన్ టేబుల్ మీద ఫోర్కుతో కుస్తీ పడి సగం అన్నం వదిలేశారు. ఇద్దరే వెళ్తే మాత్రం కౌంటరే మేలు. వంట ఎలా జరుగుతోందో కళ్ళముందే కనిపిస్తుంది.

దారిలో మీ నాన్నగారికి ఆ హోటల్ కథ చెప్పండి, తిండికి రుచి పెరుగుతుంది. 1848 జనవరిలో కలోమా దగ్గర ఏటిలో బంగారం దొరికింది. వెయ్యిమంది ఉండే శాన్‌ఫ్రాన్సిస్కో 1849 ఆఖరుకల్లా పాతికవేలకి ఎగబాకింది. ఆ ఏడాదే క్రొయేషియా తీరం నుంచి వచ్చిన ముగ్గురు, నికోలా బుద్రోవిచ్, ఫ్రానో కోస్తా, ఆంటోనియో గాస్పరిచ్, లాంగ్ వార్ఫ్ అనే రేవు మీద డేరా వేసి కాఫీ అమ్మడం మొదలెట్టారు. మన లెక్కలో రేవు పక్కన టీ బంకు. ఆ బంకే చేతులు మారుతూ, చోట్లు మారుతూ ఇప్పటిదాకా నడుస్తోంది. అందులో పనిచేసిన జాన్ టాడిచ్ అనే ఆయన, ఆయనా క్రొయేషియా మనిషే, 1887లో దాన్ని కొనుక్కున్నాడు. 1906 ఏప్రిల్ 18 భూకంపం, ఆ వెంటనే లేచిన మంటలు ఊరితో పాటు హోటల్‌నీ తినేశాయి. మళ్ళీ కట్టుకున్నారు. 1928లో బుయిచ్ అనే మరో క్రొయేషియా కుటుంబం చేతికి వెళ్ళింది. ఇప్పుడున్న 240 కాలిఫోర్నియా స్ట్రీట్ చోటుకి 1967లో మారారు.

బోర్డు మీద 'ఒరిజినల్ కోల్డ్ డే రెస్టారెంట్' అని కనిపిస్తుంది. దీని వెనక ఒక ఎన్నికల ముచ్చటుంది. 1882లో అలెగ్జాండర్ బాడ్లమ్ అనే నాయకుడు ప్రచారంలో "నేను వెనకబడ్డానంటే ఆ రోజు చలి మామూలుగా ఉండదు" అన్న అర్థం వచ్చే మాటని పదేపదే అన్నాడు. అంటే అలాంటి రోజు రానే రాదని. వచ్చింది, ఓడిపోయాడు. ఆయన సంబంధం ఉన్న ఆ హోటల్‌కి జనం వెటకారంగా 'కోల్డ్ డే' అని పేరు పెట్టేశారు. వెటకారం విషయంలో గోదావరి జిల్లాల వాళ్ళం మనమే ఫస్టు అనుకుంటాం గానీ, వీళ్ళూ తక్కువ తినలేదు.

ఇంకో సంగతి. మీరు కూర్చునే ఆ చోటు 1849లో నేల కాదు, సముద్రం. అప్పటి ఒడ్డు మాంట్‌గోమరీ వీధి దగ్గర ఉండేది. బంగారం మోజులో నావికులు సైతం ఓడలు వదిలేసి కొండలకి పారిపోతే, ఆ ఓడల్లో కొన్నింటిని అలాగే మట్టితో పూడ్చేసి పైన వీధులు వేశారు. అలాంటి నయాంటిక్ అనే ఓడ 1978లో క్లే, శాన్సమ్ వీధుల మూలన పునాదులు తవ్వుతుంటే బయటపడింది. అది హోటల్ నుంచి నడిచి వెళ్ళేంత దూరమే. మా నాన్న ఇది విన్నాక భోజనం అయ్యేదాకా కాళ్ళకింద నేలని రెండు మూడుసార్లు చూసుకున్నారు.

ఇక నిప్పు సంగతి. ఈ హోటల్ గురించి రాసేవాళ్ళు వదిలేసేది, మనవాళ్ళకి అన్నిటికన్నా నచ్చేది ఇదే. 1920ల నుంచి వీళ్ళు చేపని మెస్కీట్ బొగ్గుల మీద కాలుస్తున్నారు. బొగ్గుల మీద చేప కాల్చడం క్రొయేషియా తీరంలో మామూలే, ఆ అలవాటునే ఇక్కడికి తెచ్చుకున్నారు. మెస్కీట్ అంటే ఏమిటో తెలుసా? మన సర్కారు తుమ్మ. నిజంగానే. రెండూ ప్రోసోపిస్ జాతి చెట్లు. సర్కారు తుమ్మ పుట్టిల్లు కూడా అమెరికా ఖండాల వైపే. 1877 ప్రాంతంలో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి మన కడప జిల్లా కమలాపురంలో నాటారు, ఆ తర్వాత అది ఊళ్ళకి ఊళ్ళు ఆక్రమించిన సంగతి మీకు తెలిసిందే. మా నాన్న ఉద్యోగం చేసే రోజుల్లో పొదిలి వైపు కొన్నేళ్ళున్నారు, అక్కడి బొగ్గు బట్టీలు చూసిన మనిషి. మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు చేప ప్లేటు ముందుకు రాగానే తినకుండా వాసన చూసి, "ఇది తుమ్మ బొగ్గురా" అన్నారు. నేను నమ్మలేదు. ఇంటికొచ్చి చూసుకున్నాక నోరు మూసుకున్నాను. ఈ బొగ్గు గట్టిగా ఉంటుంది, వేడి బాగా ఎక్కుతుంది. అందుకే చేప పైన చురుక్కుమని కాలి గీతలు పడతాయి, లోపల నీరు ఆరిపోకుండా ఉంటుంది. పెనం మీద, ఓవెన్‌లో ఇది రాదు.

ఏ చేప చెప్పాలి? మెనూ పొడుగ్గా ఉంటుంది. అది చూసి టెన్షన్ పడకుండా సర్వర్‌ని ఒకే ప్రశ్న అడగండి: ఈ రోజు ఇక్కడి చేప ఏది వచ్చింది? దూరం నుంచి వచ్చినవి కూడా మెనూలో ఉంటాయి, అవి మీకు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ తీరంలో పట్టేవాటిలో నా ఓటు పెట్రాలి సోల్‌కి. చదునుగా, రెండు కళ్ళూ ఒకే పక్కకి ఉండే చేప. చందువాకి అలవాటుపడ్డ నాలుకకి వెంటనే నచ్చే మెత్తదనం. మీ అమ్మగారికి ఇదే చెప్పండి, ముల్లు తీసిన ముక్కలు వస్తాయి. శాండ్ డ్యాబ్స్ అని చిన్న చదును చేపలుంటాయి. పలచటి పిండి పట్టించి వెన్నలో వేయించి ఇస్తారు, కాస్త తియ్యగా ఉంటాయి. మనవాళ్ళకి వేపుడు అన్న మాట మీద ఉన్న మమకారం ఇక్కడ కొంత తీరుతుంది. బొగ్గుల మీద కాల్చడానికి మాత్రం కండ గట్టిగా ఉండే చేప కావాలి, హాలిబట్, స్వోర్డ్‌ఫిష్, సీబాస్ లాంటివి. మీ నాన్నగారికి ఆ రోజు ఉన్న వాటిలో ఒకటి చెప్పండి. తుమ్మ బొగ్గు కథ దాంతోనే రక్తి కడుతుంది.

సాల్మన్ చెప్పాలా అంటే ఒక మాట. పుస్తెలమ్మైనా పులస తినాలనే జిల్లా మనిషికి సాల్మన్ ఎందుకు ఇంత గొప్పో ఇట్టే అర్థమవుతుంది. అది కూడా సముద్రం నుంచి ఏటికి ఎదురీదే చేపే. కానీ ఇక్కడి శాక్రమెంటో నదిలో నీళ్ళు తగ్గి, ఎదురెక్కే చేపలు బాగా తగ్గిపోయాయి. దాంతో 2023 నుంచి వరసగా మూడేళ్ళు కాలిఫోర్నియా తీరంలో సాల్మన్ వాణిజ్య వేట పూర్తిగా మూసేశారు. ఆ ఏళ్ళలో ఇక్కడ ప్లేటులో కనిపించిన సాల్మన్ అలాస్కాదో మరెక్కడిదో. అందుకే నేను చెప్పను. నాన్నగారికి చెప్పడానికి కథగా మాత్రం పనికొస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట, పులస గురించి ఆయన మీకు తిరిగి ఒక గంట క్లాసు పీకుతారు.

చొపీనో అని ఒకటుంది. ఇది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇటలీ జాలర్లు చేసుకున్న చేపల కూర. టమాటా, వెల్లుల్లి, వైన్ వేసిన ఎర్రటి పులుసులో పీత, రొయ్య, గుల్లలు, తెల్లచేప ముక్కలు. నంజుకోవడానికి వెల్లుల్లి బ్రెడ్. ఫొటో చూస్తే మీ నాన్నగారి కళ్ళు మెరుస్తాయి, అచ్చం మన రొయ్యలిగురు తోబుట్టువులా ఉంటుంది. తిన్నాక "చింతపండు వెయ్యడం మర్చిపోయారు" అంటారు. మా మామగారు సరిగ్గా అదే అన్నారు, ఆ తర్వాత గిన్నె అడుగు బ్రెడ్‌తో తుడిచి మరీ తిన్నారు. నలుగురు వెళ్తే మధ్యలో ఒకటి పెట్టుకుని పంచుకోండి. పెద్ద గిన్నె వస్తుంది, ఒక్కరికి ఎక్కువ. వైన్ వేసి వండుతారని ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పండి. మరగడంలో చాలావరకు పోతుంది గానీ మొత్తం పోదు. పట్టింపు ఉన్నవాళ్ళు వదిలెయ్యడమే మంచిది.

బ్రెడ్ ఊరికే ఇస్తారు, పుల్లటి సవర్‌డో. బాగుంది కదా అని ముందే దాంతో కడుపు నింపేసుకోకండి. మా చెల్లెలి మామగారు అదే చేసి, అసలు చేప వచ్చేసరికి చేతులు కడుక్కుని కూర్చున్నారు.

ఆల్చిప్పలు, అంటే ఓయిస్టర్లు, పచ్చివి ఐస్ మీద పెట్టి ఇస్తారు. నాకిష్టం. కానీ పెద్దవాళ్ళకి చెప్పకండి. మన ఇళ్ళలో అరవై దాటినవాళ్ళలో షుగర్ లేనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. షుగర్, కాలేయం జబ్బులున్నవాళ్ళకి పచ్చి ఆల్చిప్పల్లో ఉండే విబ్రియో అనే సూక్ష్మజీవి ప్రాణం మీదకి తేవచ్చు. డాక్టర్లు వద్దని స్పష్టంగా చెప్పే తిండి ఇది. నిమ్మకాయ పిండినా, కారం వేసినా అది చావదు. రుచి చూడాలన్న సరదా ఉంటే వండిన ఓయిస్టర్స్ రాక్‌ఫెల్లర్ ఉంది, పైన ఆకుకూర పెట్టి ఓవెన్‌లో కాలుస్తారు. హ్యాంగ్‌టౌన్ ఫ్రై అనే అట్టు మరీ ఫేమస్. గుడ్లు, ఆల్చిప్పలు, బేకన్. బంగారం దొరికిన గని కూలీ ఒకడు హోటల్‌కి వచ్చి "మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా ఖరీదైనవి కలిపి వండండి" అన్నాడట. కొండల్లోకి ఈ మూడూ చేరడం ఆ రోజుల్లో గగనం, అందుకే అలా కుదిరిందని చెప్పుకుంటారు. హ్యాంగ్‌టౌన్ అంటే ఇప్పటి ప్లాసర్‌విల్, ఉరితీతల వల్ల ఆ పేరు పడింది. కథ బాగుంది, అందులో ఉన్న బేకన్ మాత్రం పందిది. మీ ఇంటికి కుదరదు.

పీత తినే ఇల్లయితే ఇక్కడి డంజనెస్ పీత అదృష్టం. మన మండపీతంత కండ, ఇంకాస్త తియ్యన. మామూలుగా నవంబర్ మధ్యలో వాణిజ్య వేట మొదలవ్వాలి. పీతల బోనుల తాళ్ళలో తిమింగలాలు చిక్కుకుంటున్నాయని కొన్నేళ్ళుగా జనవరి దాకా కూడా వాయిదా వేస్తున్నారు. మగ పీతలనే, అదీ డిప్ప ఆరంగుళాల పావు దాటినవాటినే పట్టాలి. మీ అమ్మానాన్నలు వేసవిలో వచ్చి ఉంటే దీని మీద ఆశ పెట్టుకోకండి. సీజన్‌లో వచ్చినా, డొల్లలు పగలగొట్టి జుర్రుకునే ఆనందం టేబుల్ మీద కాదు, ఇంట్లోనే. ఏషియన్ స్టోర్‌లో బతికున్న పీత కొనుక్కొచ్చి ఇగురు పెట్టించుకోండి.

ఇప్పుడు మీ అమ్మగారి విషయం. మెనూలో పేరు చూసి చేపే కదా అనుకుంటే మోసపోతాం. క్లామ్ చౌడర్ అనే తెల్లటి సూపులో చాలాచోట్ల బేకన్ ముక్కలు వేస్తారు. కొన్ని హోటళ్ళలో వేపుడు నూనె బదులు గొడ్డు కొవ్వు వాడతారు. ఒకే ఇనుప ఊచల మీద స్టేకూ చేపా రెండూ కాలే చోట్లు బోలెడు. అందుకే కూర్చోగానే, నీళ్ళు పోసేటప్పుడే, చెప్పేయండి: మా అమ్మ బీఫ్, పోర్క్ తినదు, కొవ్వు గానీ రసం గానీ తగలకూడదు, ఏది చెప్పమంటారు? మెనూ చదివి ఒక్కో ఐటమ్ గురించి అడిగే కన్నా ఇలా వాళ్ళ మీదే భారం వేస్తే మంచి జవాబు వస్తుంది. గ్రిల్ అదేనా అని అనుమానం ఉంటే పెనం మీద వేయించిన చేప తెప్పించండి, గొడవే లేదు. ఒకసారి వేరే ఊళ్ళో ఒక స్టేక్‌హౌస్‌లో నేను ఇది అడగలేదు. సగం తిన్నాక అమ్మకి అనుమానం వచ్చి అడిగింది, సర్వర్ నీళ్ళు నమిలాడు. అమ్మ ఒక్క మాట అనకుండా ప్లేటు పక్కకి జరిపింది. ఆ నిశ్శబ్దంలో కారు ప్రయాణం గంటన్నర.

స్టేక్. మా ఇంట్లో తినేవాళ్ళం ఉన్నాం, తిననివాళ్ళూ ఉన్నారు, కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. ఈ హోటల్‌లో స్టేక్ బాగానే ఉంటుంది. కానీ స్టేక్ కోసమే వెళ్ళాలంటే దాని మీదే బతికే హోటళ్ళు ఈ దేశంలో వేరే ఉన్నాయి. ఇక్కడ చేప వదిలి స్టేక్ చెప్పడం భీమవరం వెళ్ళి పన్నీర్ బటర్ మసాలా తిన్నట్టు. మీరు తప్పనిసరిగా తింటానంటే రిబ్‌ఐ అనే రకం ముక్క చెప్పండి, కొవ్వు గీతలు ఎక్కువ కాబట్టి రుచి ఎక్కువ. ఫిలే మెత్తగా ఉంటుంది, రుచి చప్పన. ఎంత కాల్చాలి అని అడుగుతారు. మనవాళ్ళు భయపడి వెల్‌డన్ అనేస్తారు, అంటే లోపల 70 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా. అప్పటికి కండలోని నీరంతా పిండుకుపోయి చెప్పు అట్ట నమిలినట్టుంటుంది. మీడియం అనండి, 60 డిగ్రీల పైచిలుకు, లోపల లేత గులాబీ రంగు. ప్లేటులో కారే ఎర్రనీరు రక్తం కాదు. మయోగ్లోబిన్ అని కండరంలో ఉండే ప్రొటీన్ నీళ్ళతో కలిసి అలా కనిపిస్తుంది. ఇదంతా చెప్పినా మీ నాన్నగారు పక్క టేబుల్ వాడి ప్లేటు చూసి మొహం చిట్లిస్తారు. అమ్మగారిని అటువైపు వీపు పెట్టి కూర్చోబెట్టండి.

కారం గురించి. మెనూలో స్పైసీ అన్న మాట కనిపించినా నమ్మకండి. టబాస్కో అనే కారం సాస్ సీసా అడగండి, నిమ్మచెక్కలు ఎన్ని అడిగినా ఇస్తారు. మా అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కాగితంలో చుట్టిన కారప్పొడి తీసి కాల్చిన చేప అంచున కొద్దిగా అద్దుకుంది. నేను సిగ్గుపడ్డాను. సర్వర్ పెద్దాయన అదేమిటని అడిగి, వేలికొసతో రుచి చూసి, దగ్గి, నవ్వి, ఇంకో రెండు నిమ్మచెక్కలు తెచ్చిపెట్టాడు. అందుకని పొడి తీసుకెళ్ళండి, కాకపోతే మొదటి రెండు ముక్కలు అది లేకుండా తినమని చెప్పండి. ఆవకాయ వద్దు, నూనె వాసన గదంతా పట్టుకుంటుంది.

డబ్బు. ఒక్కో ప్రధాన వంటకం 30 నుంచి 60 డాలర్ల మధ్య అనుకోండి. ముగ్గురికీ మూడు వంటకాలు, మధ్యలో ఒక గిన్నె చెప్తే చాలు. ప్లేట్లు మధ్యలో పెట్టుకుని పంచుకుంటామని ముందే చెప్తే ఖాళీ ప్లేట్లు తెచ్చిస్తారు. దానిమీద సుమారు ఎనిమిదిన్నర శాతం పన్ను. శాన్‌ఫ్రాన్సిస్కోలో చాలా హోటళ్ళు పనివాళ్ళ ఆరోగ్య బీమా పేరిట కొద్ది శాతం అదనంగా వేస్తాయి. బిల్లు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసుకోండి. అది టిప్పు కాదు. టిప్పు 18 నుంచి 20 శాతం విడిగా. మధ్యరకం ధరలవి చెప్తే అన్నీ కలిపి 250 డాలర్ల దాకా అవుతుంది, ఖరీదైనవి చెప్తే ఆ పైనే. బిల్లు ఫోల్డర్ మీ చేతికే వచ్చేలా కూర్చోండి. మా నాన్న చేతికి వెళ్ళి, ఎనభై మూడుతో గుణకారం మొదలయ్యాక ఆ సాయంత్రం మళ్ళీ కోలుకోలేదు.

ధర బదులు 'మార్కెట్ ప్రైస్' అని రాసి ఉన్న ఐటమ్ చెప్పేముందు ఎంత అని అడగండి. అడగడం నామోషీ కాదు, చేపల మార్కెట్‌లో బేరం ఆడే జాతి మనది. సముద్రపు ఒడ్డున ఇంకో హోటల్‌లో నేను పెద్దమనిషిలా అడక్కుండా పీత చెప్పి, బిల్లు చూశాక లెక్క తప్పిందేమో అని రెండుసార్లు కూడి చూసుకున్నాను. తప్పలేదు.

టాడిచ్ కుదరకపోతే యూనియన్ స్క్వేర్ దగ్గర జాన్స్ గ్రిల్ ఉంది, 1908 నుంచి నడుస్తోంది, అక్కడా చేపా స్టేకూ రెండూ ఉంటాయి. శామ్స్ గ్రిల్ 1867 నాటిది. 1912 నాటి స్వాన్ ఓయిస్టర్ డిపో గురించి అందరూ ఊదరగొడతారు, నాకూ ఇష్టమే. కానీ కౌంటర్ ముందు పద్దెనిమిది స్టూళ్ళు, బయట వీధి మీద క్యూ. పెద్దవాళ్ళతో అస్సలు పెట్టుకోకండి.

ఆఖరికి మెనూలో రైస్ కస్టర్డ్ పుడ్డింగ్ ఉంటే తప్పకుండా చెప్పండి. మూడు బ్యాచ్‌ల పెద్దవాళ్ళూ మారు అడిగింది అదొక్కటే. "పరమాన్నంలో బెల్లం బదులు పంచదార వేశారు, పచ్చకర్పూరం లేదు" అని మా అమ్మ తీర్పు.

కారు తీసుకెళ్ళకండి. ఆ వీధుల్లో పార్కింగ్ ఖరీదు, అద్దాలు పగలగొట్టి బ్యాగులు ఎత్తుకుపోవడం కూడా ఉంది. బార్ట్ అనే లోకల్ రైల్లో వచ్చి ఎంబార్కడెరో స్టేషన్‌లో దిగితే నడక దూరమే. జూలై అయినా అమ్మానాన్నలకి స్వెట్టర్లు తప్పవు, ఆ బోర్డు మీద 'కోల్డ్ డే' అని ఊరికే లేదు. తిన్నాక అదే వీధిలో 1878 నుంచి నడుస్తున్న కేబుల్ కార్ ఎక్కించి కొండమీద దాకా తిప్పండి. మిగిలిన చేప డబ్బాలో కట్టిస్తారు. బార్ట్‌లో మాత్రం ఏమీ తినకూడదు, నాన్నగారికి ముందే చెప్పండి. బయల్దేరేముందు బియ్యం కడిగి కుక్కర్‌లో పెట్టి, పెరుగు తోడేసి వెళ్ళండి. ఎంత మంచి చేప తిన్నా రాత్రి ఎనిమిదికల్లా పెరుగన్నం ఏదీ అంటారు.